సీతారాములు చచ్చిన మధ్యాహ్నాలు

శబరి నది పొంగి కోంటా బజారును ముంచిన మూడో ఏడు అది. బీడీలు చుట్టే తునికాకు కోత రోజులు. ఊళ్ళకు ఊళ్ళే ఆకు కోయడానికి అడవిలోకి పోయాయి కాబట్టి దవాఖానలో సగం మంచాలు ఖాళీ. పొద్దు పొడిచేసరికి సీతారాములు మగవాళ్ళ వార్డు తుడిచి, బకెట్లో నీళ్ళు మార్చి, మూతెడు ఫినాయిల్ పోసి వరండా మొదలుపెట్టాడు.

ఆయన నిలబడి కర్రతో తుడవడు. గొంతుక్కూర్చుని, గుడ్డ పిండి, గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ వస్తాడు. తుడిచిన చోట మళ్ళీ అడుగు పెట్టడు. అరవై మూడేళ్ళ మనిషి. పొట్టి. చేతులు మాత్రం ఒంటికి మించినవి. వేళ్ళ కొసలు ఏడాది పొడుగునా నానిన శనగల్లా ఉబ్బి, ముడతలు పడి ఉంటాయి. కొలువు పేరు వార్డుబాయ్. బాయ్ అని పిలిచే వాళ్ళంతా ఆయన తరవాత పుట్టినవాళ్ళే.

వరండా అయ్యాక బెడ్‌పాన్లు కడిగి ఎండలో బోర్లించాడు. రెక్సిన్ గుడ్డలు తీగ మీద వేశాడు. ఆక్సిజన్ సిలిండర్ల మీద వేలి కణుపుతో కొట్టి ఏది నిండు, ఏది ఖాళీ అని విన్నాడు. గేజీ ముల్లు ఆ పని చేస్తుంది గానీ ఆయన దాన్ని నమ్మడు. మూడో క్లాసు దాకా చదివిన చదువులో అంకెలు వచ్చు. అయినా చెవినే నమ్ముతాడు.

మందుల గది కిటికీ తెరుస్తూ నవీన్‌కుమార్ పలకరించాడు.

"తాతా, ఇయ్యాల ఏం రోగంతోని సస్తున్నవ్?"

సీతారాములు ఇంకో సిలిండరు మీద కొట్టాడు.

"మొన్న గుండెనొప్పి అయింది. అంతకు ముందుగాల పురుగుల మందు. ఇగ మిగిలిందేంది? ఆ పిల్ల ఇయ్యాల సాయంత్రం రాయపూర్ పోతుంది గదా. ఆకరిసారి, జెర మంచిగ సావు."

"సూదులు వచ్చినయా?" అన్నాడు సీతారాములు.

"వచ్చినయి."

"డబ్బా ఇయ్యి."

డబ్బా భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. ఆయనతో మాట అంతవరకే.

నవీన్‌కుమార్ చెప్పిన పిల్ల పూనం ఊర్మిల. భేజ్జి అవతలి ఊరు. ఇరవై మూడేళ్ళు. ఆ ఊరినుంచి నర్సు చదువు పూర్తి చేసిన మొదటి మనిషి. చదువైతే అయింది గానీ కిందటేడు చివర రాసిన లైసెన్సు పరీక్ష తప్పింది. జూలై నుంచి లైసెన్సు లేనివాళ్ళు రోగి మీద చెయ్యి వేయకూడదని దవాఖాన నడిపే ట్రస్టు కాగితం పంపింది. రేపు రాసేది రెండోసారి. ఈసారి కూడా తప్పితే తెల్ల కోటు విడిచి ఊరికి పోయి ఆకు కోయాలి. ఈ సంగతి దవాఖానలో అందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువ ఆమెకు తెలుసు.

పరీక్షలో మందుల పేర్లు అడిగితే ఆమెకు భయం లేదు. పుస్తకం మొత్తం నోటికి వచ్చు. తప్పింది వేరేచోట. ఆ పరీక్షలో కంప్యూటర్ మీద ఒక రోగి కథ ముక్కలుముక్కలుగా వస్తుంది. ముందు రోగి ఎట్లా వచ్చాడు, గంట తరవాత ఎట్లా ఉన్నాడు, ఇంకో గంటకు ఏం మారింది. ఒక్కో ముక్కకు ప్రశ్న: నువ్వు ఏం చూశావు, దేనికి భయపడాలి, ముందు ఏం చేస్తావు. అక్కడ ఊర్మిల అన్నీ రాస్తుంది. ముందు చేయాల్సింది మూడోదిగా రాస్తుంది.

మార్కులు వచ్చిన రోజు ఆమె దుప్పట్ల గదిలో కూర్చుని ఏడుస్తుంటే రేణుక సిస్టర్ తలుపు దగ్గర నిలబడి చూసింది. వార్డు మొత్తం నడిపే సిస్టర్. కొత్తగూడెం మనిషి. గొంతు గట్టిది.

"నీకు చదువుంది, చూపు లేదు," అంది. "చూపు నేను నేర్పలేను, నాకు టైం లేదు. అదిగో, సీతారాములు ఉన్నాడు. నలభై ఏళ్ళ నుంచి రోగుల్ని మోస్తున్నాడు. వాణ్ణి పడుకోబెట్టి నేర్చుకో."

సిస్టర్ ఆ మాట కోపంతో అన్నదే. సీతారాములు మాత్రం మరునాడు మధ్యాహ్నం అన్నం తిని, చేతులు కడుక్కొని, దుప్పట్ల గదిలో విరిగిన చక్రాల కాన్పు మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. దుప్పట్లు లెక్కపెడుతున్న ఊర్మిల ఆగిపోయింది.

"ఏంది తాతా?"

"పురుగు ముట్టింది," అన్నాడు.

పాము పేరు ఎత్తకూడదు కాబట్టి అక్కడందరూ అట్లాగే అంటారు. ఊర్మిల పాదం చూసింది, కాలు చూసింది, వాపు కోసం పిక్క దాకా తడిమింది. ఎక్కడా ఏమీ లేదన్నట్టు పడుకున్నాడు ఆయన. ఆమె కాలి దగ్గరే ఉంది. ఆయన కనురెప్పలు మెల్లగా వాలాయి. ఎత్తాలని చూసినా లేవనట్టు వాలాయి. తరవాత కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైంది?"

"సచ్చిపోయిన," అని లేచి, చొక్కా దులుపుకొని పనికి పోయాడు.

ఆమెకు అది ఆ సాయంత్రం పుస్తకం తెరిచాక అర్థమైంది. కట్లపాము కరిచిన చోట వాపు రాదు. ముందు రెప్పలు పడతాయి. ఆమె కాలు చూస్తూ మొహం చూడలేదు.

అప్పటినుంచి మూడు నెలలు, ఒంటిగంట నుంచి రెండు దాకా. ఆయన ఎవరో ఒకరు అవుతాడు. పేరు చెప్పడు. పొద్దున్నుంచి బిడ్డ మంచిగా నిద్రపోతుందని సంతోషంగా చెప్పే తండ్రి అయ్యాడు. చేతుల్లో లేని బిడ్డను ఎట్లా పట్టుకున్నాడంటే, మెడ నిలవడం లేదని ఊర్మిలకు తెలిసిపోయింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకోకుండా దవడ నొక్కుకునే లారీ డ్రైవర్ అయ్యాడు. అందరూ ఆ దవాఖానకు వచ్చినవాళ్ళే, ఆయన మోసినవాళ్ళే. ఊర్మిల సరిగ్గా పట్టుకుంటే లేచి పనికి పోతాడు. తప్పితే కళ్ళు మూసుకుంటాడు. బాగుంది అనడు, బాగాలేదు అనడు. మొదటి నెల దాదాపు రోజూ చచ్చాడు. ఈ నెలలో నాలుగుసార్లే.

ఆ రోజు ఒంటిగంటకు ఊర్మిల బ్యాగు సర్దుకొని మరీ వచ్చింది. హాల్ టికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును బ్యాగు లోపలి జేబులో పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది. బస్సు నాలుగున్నరకు. తెల్లారేసరికి రాయపూర్. తొమ్మిదింటికి పరీక్ష.

"కొత్తది కావాలె తాతా. ఇప్పటిదాంక చెయ్యనిది. కష్టంది."

"అయిపోయినయి."

"గిన్నేండ్లల్ల ఇంతమందేనా వచ్చింది? నువ్వు దాస్తున్నవ్."

సీతారాములు నిలబడే ఉన్నాడు. వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. తరవాత మంచం మీదికి పోకుండా, మూల ఉన్న చాప తీసి కింద పరిచాడు. సెలైన్ స్టాండుకు ఒక కొస, కిటికీ చువ్వకు ఒక కొస కట్టి దుప్పటి అడ్డం వేలాడదీశాడు.

"నువ్వు బయటనే ఉండు," అన్నాడు. "కాన్పయిన మనిషి."

ఊర్మిలకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. ఆమె ఊళ్ళోనూ అంతే. కాన్పయిన మనిషిని బొడ్డు రాలేదాకా పక్కన చిన్న గుడిసెలో ఉంచుతారు. అన్నం గడప మీద పెడతారు. లోపల ఒక్క ముసలామె ఉంటుంది. మిగతావాళ్ళు బయట నిలబడి మాట్లాడాలి. మగవాడైతే గడప వైపే పోకూడదు. దవాఖానలో గుడిసె ఉండదు కాబట్టి మంచం చుట్టూ చీర కడతారు. రేణుక సిస్టర్ వద్దనదు. చీర వద్దంటే కాన్పుకే రారు. సిస్టర్, ఆయా చీర తీసి లోపలికి పోతారు. సీతారాములు మాత్రం ముప్పై తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పోలేదు. బెడ్‌పాన్ చీర కింద నుంచి లోపలికి నెడతాడు. అట్లాగే అందుకుంటాడు.

దుప్పటి అవతల ఆయన పడుకున్న చప్పుడైంది. ఊర్మిల గడియారం చూసుకొని మొదలుపెట్టింది.

"నీ పేరేంది అక్కా?"

దుప్పటి అవతల చాప కిరకిరలాడింది.

"సారలమ్మ."

"కాన్పు ఎప్పుడయింది?"

"తెల్లారంగ."

"ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న."

"బిడ్డ పాలు తాగిందా?"

"తాగింది."

"నెత్తురు ఎంత పోతుంది?"

"అందరికి పోయినట్టే."

"గుడ్డ ఎన్నిసార్లు మార్చిన్రు?"

"మంచిగనే ఉన్న."

ఊర్మిల చీటీ మీద ఏదో రాసుకుంది.

"కళ్ళు తిరుగుతున్నయా?"

"దూపయితుంది."

"నీళ్ళు తాగు అక్కా."

"తాగిన. మల్ల దూపయితుంది."

ఆమె పెన్ను ఆగింది. "నీ తాన ఎవరున్నరు?"

"అత్త. పండుకుంది."

"అత్తను లేపు."

"నిద్రొస్తుంది," అంది లోపలి గొంతు. గొంతు సీతారాములుదే. కానీ మాటకూ మాటకూ నడుమ ఎడం పెరిగింది.

ఊర్మిల మొహం వెలిగింది. దొరికింది. దూప, నిద్ర, గుడ్డ సంగతి చెప్పకపోవడం. "నెత్తురు ఎక్కువ పోతుంది," అంది గబగబా. "మనిషి చల్లబడుతున్నది. సిస్టర్‌ను పిలుస్త, 108కి ఫోన్ చేస్త, సెలైన్ పెట్టాలె, గర్భసంచి గట్టిపడే సూది వెయ్యాలె, కాళ్ళు ఎత్తుగ పెట్టాలె..."

లోపల చప్పుడు లేదు.

"తాతా? సరిగనే చెప్పిన గదా?"

దుప్పటి పక్కకు లాగింది. ఆయన గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకొని, కళ్ళు మూసుకొని ఉన్నాడు.

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఏం తప్పిన? అన్నీ పట్టుకున్న గదా! పుస్తకంల గదే ఉంది, గట్లనే ఉంది. దూప పట్టుకున్న. నిద్ర పట్టుకున్న. ఆకరి రోజు గిట్ల చేస్తవేంది నువ్వు!"

"పట్టుకున్నవ్," అన్నాడు ఆయన కళ్ళు మూసుకునే. "యాడ నిలబడి పట్టుకున్నవ్?"

ఊర్మిల కిందికి చూసుకుంది. దుప్పటికి ఇవతల, జానెడు దూరంలో ఆమె కాళ్ళు.

"నువ్వే బయట ఉండమంటివి!"

"ఎవలైనా గదే అంటరు."

ఆయన లేచి కూర్చున్నాడు. చాప పుల్ల ఒకటి ఊడితే దాన్ని మళ్ళీ అల్లికలో దూర్చుతూ అన్నాడు.

"నేను గూడ బయటనే నిలబడ్డ. మూడుసార్లు అడిగిన. మూడుసార్లు మంచిగనే ఉన్న అన్నది."

ఊర్మిల చేతిలోని చీటీ చూసింది. సారలమ్మ అని రాసి ఉంది. సీతారాములు భార్య పేరు ఆ దవాఖానలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమె చాప అంచున కూర్చుంది.

అది అంతకు ముందటి పెద్ద వరద ఏడు. చుట్టూ నీళ్ళు. ఆయనకు ఇరవై నాలుగేళ్ళు, కూలి మనిషి. వేడినీళ్ళకోసం వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. ఒక్కో మొద్దు పగిలాక గుడిసెకు ఇంత దూరంలో నిలబడి అడిగేవాడు. గడప దాకా పోతే తల్లి కసిరింది. మూడోసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. అయినా వచ్చింది కాబట్టి మళ్ళీ గొడ్డలి ఎత్తాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తల్లి గుడిసెలోంచి బయటికి వచ్చి నిలబడింది. గుడిసెలో చాప కింది మట్టి కూడా తడిసి ఉంది. బిడ్డ బతికింది. మరదలు పెంచింది.

నీళ్ళు తీశాక ఆయన నడిచి ఈ దవాఖానకు వచ్చాడు. రోగం ఏమీ లేదు. అప్పటి పెద్ద సిస్టర్ ముందు నిలబడి, ఏం చేస్తే బతికేది అని అడిగాడు. ఆమె తన కడుపు మీదే చెయ్యి పెట్టి చూపించింది. బొడ్డు కింద మెత్తగా తగిలితే గట్టిపడేదాకా పిసకాలి, వదలకూడదు, అరిచి మనిషిని పిలవాలి. అంతే. ఆయన తల ఊపి, గుమ్మం పక్కన కూర్చున్నాడు. సాయంత్రం ఎవరో నీళ్ళు తెమ్మంటే తెచ్చాడు. మరునాడూ తెచ్చాడు. అడవిలో తుపాకులు మోగి రోడ్డు మూసిన ఏళ్ళలో డాక్టర్లు వెళ్ళిపోయారు, సిస్టర్లు మారారు. ఆయన మాత్రం నీళ్ళు తెస్తూనే ఉన్నాడు.

ఇదంతా ఊర్మిలకు ఆయన చెప్పింది నాలుగు మాటల్లో. మిగతాది ఆమె అడగలేదు.

"మల్ల చెయ్యి," అన్నాడు. దుప్పటి మళ్ళీ అడ్డం లాగి పడుకున్నాడు.

ఈసారి ఊర్మిల ఒక్క మాటే అడిగింది. "ఎట్లున్నవ్ అక్కా?"

"మంచిగనే ఉన్న."

"సరే, నేను లోపలికి వస్తున్న," అని దుప్పటి ఎత్తి లోపలికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది. కప్పుకున్న తువ్వాలు లాగేసింది. ఒక చేత్తో నాడి పట్టుకొని, రెండో చెయ్యి బొడ్డు కింద పెట్టి గట్టిగా నొక్కింది.

సీతారాములు ఉలిక్కిపడి మెలికలు తిరిగాడు. చక్కిలిగింత. ఆగమని చెయ్యి ఊపుతూ నవ్వాడు. పళ్ళు లేని పక్క కూడా కనిపించేలా, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఊర్మిలకు ముందు భయం వేసి, తరవాత నవ్వు ఆగలేదు. తలుపు సందులోంచి నవీన్‌కుమార్ తొంగి చూశాడు.

"ఏందిది? తాత బతికిండా?"

"బతికింది," అంది ఊర్మిల ఊపిరి తీసుకుంటూ.

సీతారాములు లేచాడు. చొక్కా దులుపుకున్నాడు. పనికి పోయాడు.

నాలుగింటికి ఊర్మిల బ్యాగు భుజాన వేసుకొని సిస్టర్ దగ్గర ఆశీర్వాదం తీసుకుంటుండగా గేటులోకి ఆటో వచ్చింది. మరైగూడ వైపు నుంచి. లోపల నొప్పులతో ఒక పిల్ల, పక్కన ఆమె అత్త. పిల్ల పేరు హుంగే. పందొమ్మిదేళ్ళు ఉంటాయో ఉండవో. ఆకు కోస్తూ అడవిలోనే నొప్పులు మొదలయ్యాయట. వేళ్ళకు ఇంకా తునికాకు మరక ఉంది. ఊర్మిల బ్యాగు కింద పెట్టి ఆటో వైపు రెండడుగులు వేసింది.

"ఏయ్," అంది రేణుక సిస్టర్. "ఎక్కడికి?"

"ఆమెను దవాఖానల చేర్చి పోత సిస్టర్. అయిదు నిమిషాలు. దొర్ల మాట్లాడే మనిషి..."

"సీతారాములుకు వచ్చు దొర్ల. నాకు వచ్చు కాన్పు. నీ డ్యూటీ రాయపూర్‌లో ఉంది, పో. బస్సు తప్పితే కాళ్ళు విరగ్గొడతా."

సీతారాములు హుంగేను రెండు చేతులమీద ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, కాన్పు గది దాకా తోసి, వెనక్కి వచ్చి ఊర్మిల బ్యాగు అందుకున్నాడు. ముందు నడిచాడు. బస్సు ఆగే చోటు దాకా ఆమె వెనకే నడిచింది. ఎండకు తారు మెత్తబడి ఆమె కొత్త బూట్లకు అంటుకుంటోంది.

బస్సు వచ్చాక ఆయన బ్యాగు లోపల సీటు కింద పెట్టి దిగాడు. కిటికీ కింద నిలబడ్డాడు.

"తోంగ్‌పాల్‌ల చాయ్‌కి ఆగుతది," అన్నాడు. "రోడ్డు మీద ఎర్ర రేకుల హోటల్. నా బిడ్డది. నా పేరు చెప్పు, తినకుంట పోనియ్యదు."

"ఆ బిడ్డేనా తాతా?"

ఆయన తల ఊపాడు.

"లోపలికి పోయేముందుగాల ఫోన్ చేస్త. ఎనిమిదిన్నరకు ఫోన్లు గుంజుకుంటరు. ఎత్తు మరి. చెవుల పెట్టుకొని గమ్మున ఉండకు, ఏదన్న ఒక మాట అను."

బస్సు కదిలింది. ఆయన చెయ్యి ఎత్తలేదు. మలుపు తిరిగేదాకా నిలబడి, చెవి వెనక బీడీ తీసి ముట్టించుకొని, సగం కాల్చి, ఆర్పి మళ్ళీ చెవి వెనక పెట్టుకొని దవాఖానకు నడిచాడు. ఎనిమిది నెలలుగా రోజూ వార్డులో తిరిగిన ఊర్మిల ఆ సాయంత్రం లేదు. వార్డులో ఆ ఒక్క తేడా. హుంగేకు దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. అత్త మంచం చుట్టూ పచ్చ చీర కట్టింది.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి సీతారాములు ఆడవాళ్ళ వార్డు రెండోసారి తుడుస్తున్నాడు. రేణుక సిస్టర్ ఏడింటికి హుంగేను చూసి, అంతా బాగుందని రాసి, ఇంకో కాన్పు వస్తే ఆ గదిలోకి పోయింది. ఆయా ఆమెతోనే ఉంది. సీతారాములు గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ వచ్చాడు. వీపుకు చీర తగిలింది. ఆగాడు.

అత్త సత్తు చెంబు పట్టుకొని కుండ దగ్గరికి పోతూ గొణిగింది. "ఎన్నిసార్లు పోసినా నీళ్ళే అడుగుతది ఈ పిల్ల."

సీతారాములు గుడ్డ బకెట్లో వేశాడు. లేచి నిలబడ్డాడు. చీరకు ఇవతల నుంచే దొర్లలో అడిగాడు, ఎట్లున్నవ్ బిడ్డా అని.

మంచిగనే ఉన్న, అని జవాబు. సన్నగా.

మళ్ళీ అడిగాడు. జవాబు వచ్చింది. ఆలస్యంగా వచ్చింది.

"సిస్టర్!" అని పిలిచాడు. కాన్పు గది తలుపు మూసి ఉంది. లోపల ఇంకో మనిషి అరుపులు. ఆయన పిలుపు ఆ తలుపు దాకా కూడా పోలేదు. ఆయన గొంతు ఎప్పుడూ అంతే.

తుడిచిన నేల మీద, చీర ముందు, చెప్పులు విడిచాడు. అత్త చెంబుతో వెనక్కి వస్తూ చూసింది.

"ఏయ్, మగోడివి! యాడికి? యాడికి పోతవ్!"

చెంబు పడేసి ఆయన చొక్కా పట్టుకుంది. చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఆయన చీర ఎత్తి లోపలికి పోయాడు.

హుంగే మొహం బూడిద రంగులో ఉంది. బిడ్డ పక్కన నిద్రపోతోంది. ఆయన దుప్పటి తీశాడు. కింద రెక్సిన్ గుంటలో నెత్తురు నిలిచి ఉంది. ఆయన బొడ్డు కింద చెయ్యి పెట్టాడు. నానబెట్టిన పిండిలా మెత్తగా తగిలింది. పెద్ద చేతులు. రెండూ పెట్టి పిసికాడు.

"సిస్టర్!"

ఆ కేకకు మగవాళ్ళ వార్డులో మనుషులు లేచి కూర్చున్నారు. మందుల గదిలో నవీన్‌కుమార్ చేతిలో డబ్బా జారిపోయింది. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ గొంతు అట్లా ఎవరూ వినలేదు. ఆయన మళ్ళీ అరిచాడు.

జేబులో ఫోను మోగింది. చేతులు తియ్యలేదు. మోగీ మోగీ ఆగిపోయింది.

సిస్టర్ చేతి తొడుగులు మార్చుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఒక్క చూపు చూసి, "తియ్యకు చెయ్యి," అంది. సూది వేసింది. నవీన్‌కుమార్ తెచ్చిన సెలైన్ పెట్టింది. ఇంకో సూది. "పిసుకు. ఆపకు." సీతారాములు నుదుటి చెమట హుంగే దుప్పటి మీద పడుతోంది. అత్త చీర అవతల నిలబడి ఏడుస్తూ తిడుతోంది. మెల్లమెల్లగా ఆయన అరచేతుల కింద ఏదో ముడుచుకుంది. పచ్చి వెలగకాయలా గట్టిబడింది.

"ఇంక తియ్యి," అంది సిస్టర్. నాడి పట్టుకొని గడియారం చూస్తూ, మొహం తిప్పకుండానే అడిగింది. "నిన్ను లోపలికెవరు పొమ్మన్నారు?"

ఆయన హుంగే మీద దుప్పటి కప్పాడు.

"రెండు సీసాల రక్తం ఎక్కించాలి. బతుకుతుంది," అని సిస్టర్ చీర అవతలి మనిషికి గట్టిగా చెప్పింది. తిట్లు ఆగాయి. ఏడుపు మిగిలింది.

సీతారాములు చీర ఎత్తకుండా మంచం వెనక నుంచి వంగి బయటికి వచ్చి, పెరటి తలుపు గుండా పంపు దగ్గరికి పోయాడు. మోచేతుల దాకా సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాడు. చేతులు చొక్కాకు తుడుచుకొని ఫోను తీశాడు. ఊర్మిల పేరు పక్కన ఎర్ర బాణం గుర్తు. దాన్ని నొక్కి చెవికి పెట్టుకున్నాడు. ఈ ఫోను బంద్ ఉందని ఒక ఆడమనిషి హిందీలో చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు. ఆమె రెండోసారి చెప్పింది. అదీ విన్నాడు. వరండా గడియారంలో ఎనిమిది ముప్పై అయిదు. పిల్ల లోపలికి పోయింది.

"పో," అన్నాడు ఫోనులోకి. అది జేబులో వేసుకొని, బకెట్లో కొత్త నీళ్ళు పట్టి, మూతెడు ఫినాయిల్ పోసి, వట్టికాళ్ళతో మగవాళ్ళ వార్డులోకి పోయి గోడ దగ్గర కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వార్డులో తడి ఆరిపోయింది. పచ్చ చీరకు ఇవతల, నేల మీద, మడమ అరిగిన నీలం రబ్బరు చెప్పులు రెండు, కొసలు లోపలివైపుకు పెట్టి, విడిచినచోటే ఉన్నాయి.